తాంబూలం కింది జీతం

మా అమ్మ ఎవరికీ అన్యాయం చేసే మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే, తర్వాతి సంగతి విన్నవాళ్ళు ఆమెను ఆడిపోసుకుంటారు. ఆ హక్కు ఎవరికైనా ఉంటే నాకే ఉంది, నేనూ ఆ పని చేయలేకపోయాను.

చిక్కపేట వెనక సందులో మా నేతవాళ్ళ సంఘం పేదింటి ఆడవాళ్ళ కోసం చందాలతో ఒక పురిటిల్లు నడిపేది. అమ్మే దానికి పెద్దదిక్కు. ఒక మంత్రసాని, ఒక వంటమనిషి, ఊడ్చి తుడిచే ఒకామె పనిచేసేవాళ్ళు. వాళ్ళ విషయంలో జీతం అనే మాట ఎవరూ ఎత్తేవారు కాదు. దేవుడి పనికి కూలి కట్టడం మా పెద్దలకు మహా నామోషీ. అందుకని నెలకోసారి శుక్రవారం పూజ అయ్యాక అమ్మ వాళ్ళకు బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చేది. తమలపాకుల కింద డబ్బు ఉండేది. ఇచ్చేవాళ్ళు చూడనట్టు ఇచ్చేవారు, పుచ్చుకునేవాళ్ళు ఎరగనట్టు పుచ్చుకునేవారు. చిన్నప్పుడు నాకది ఎంతో ముచ్చటగా ఉండేది.

యుద్ధం రోజుల్లో మంత్రసాని భర్త జ్వరంతో పోయాడు. మైల తీరాక ఆమె మళ్ళీ పనికి వచ్చింది, శుక్రవారం పూజకూ వచ్చింది. భర్త పోయిన ఆడదానికి మా ఆచారంలో తాంబూలం ఇవ్వరు. పళ్ళెం ఆమెను దాటి వంటమనిషి దగ్గరికి పోయింది. దాంతోపాటు డబ్బూ పోయింది. ఆపేద్దామని ఎవరూ అనుకోలేదు. అసలు ఎవరి బుర్రకూ తట్టలేదు. జీతమని పేరే లేనిదాన్ని ఆమె మాత్రం ఏమని అడుగుతుంది? రేషన్ బియ్యమైనా ఊరికే ఇవ్వరు, ఇంట్లో ముసలి అత్త ఉంది. ఎవరికీ చెప్పకుండా దండులో, తెల్లసిపాయిల పేటలో, ఒక దొర ఇంట్లో పగటిపూట బట్టలుతికే పనికి కుదిరింది. పురిటింటికి పొద్దునా సాయంత్రం వచ్చి చూసుకుని పోయేది.

అప్పుడే మా అక్క తొలి కాన్పుకు వచ్చింది. మన సంఘం పురిటింటికి మన పిల్లే పోకపోతే ఎట్లాగని అమ్మ ఆమెను అక్కడే చేర్చింది. అనుకున్నదానికంటే ముందే, ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కనబడలేదు. ఇంటికి కబురు పంపితే అత్త దండు సంగతి చెప్పింది. నాన్న జట్కా తీసుకుని పరిగెత్తాడు. ఆయన ఆ ఇల్లు వెతుకుతూ ఉండగానే ఇక్కడ ఆడబిడ్డ పుట్టింది, గట్టిగా ఏడ్చింది. అక్కకు మాత్రం రక్తం ఆగలేదు. అమ్మా నేనూ గుడ్డలు మారుస్తూనే ఉన్నాం, అంతకుమించి మాకేమీ తెలియదు. ఎట్లాగో ఇంకో బండి దొరికించుకుని ఆసుపత్రికి బయలుదేరాం. దారిలోనే నా చేతిలో అక్క చెయ్యి చల్లబడిపోయింది.

తిరిగి వచ్చేసరికి మంత్రసాని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చీర అంచు ఇంకా తడిగానే ఉంది. చుట్టాలంతా ఆమెను నానా మాటలూ అన్నారు. అమ్మ మాత్రం ఎందుకు పోయావని ఒక్కటే అడిగింది.

"ఇల్లు జరగాల కదమ్మా. నాకిప్పుడు తాంబూలం రాదు కదా."



కర్మలయ్యాక అమ్మ సంఘం కూటానికి వెళ్ళి, పనిచేసేవాళ్ళందరికీ ఆసుపత్రుల్లో ఇచ్చేపాటి జీతం ఇవ్వాలంది. జీతమిస్తే పుణ్యం పోతుందని ఒక పెద్దాయన నసిగాడు.

"పుణ్యం మనది అప్పా, పని వాళ్ళది. ఊరికే చేయించుకునేకి మనమెవరు?" అంది అమ్మ.

వాళ్ళు ఒప్పుకున్నారు. న్యాయం తెలిసి ఒప్పుకున్నారని నేను నమ్మను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఎదురు చెప్పలేకపోయారు. ఎట్లా ఒప్పుకుంటేనేం, ఆ పద్ధతి తర్వాత ఎవరూ మార్చలేదు.

మొదటి జీతం రోజున అమ్మ ఆకూ వక్కా లేకుండా డబ్బు చేతికే ఇచ్చింది. వంటమనిషీ ఊడ్చే ఆమే తీసుకున్నారు. మంత్రసాని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎట్ల తీసుకునేదమ్మా? నేను ఉండింటే మీ కూతురు బతికేది."

అమ్మ ఆమె చెయ్యి ముందుకు లాగి డబ్బు పెట్టి, వేళ్ళు మూసింది.

"నేను ఇచ్చింటే నువ్వు ఇక్కడే ఉండేదానివి అక్కా."