మూతల వరస

మా అత్త వరికుంటపాడులో గొర్రెల వెంట తిరుగుతూ పెరిగిన మనిషి. అడగందే ఏ సంగతీ చెప్పేది కాదు.

మా నాలుగేళ్ల పాపకు ఆటిజం అని తెలిశాక, ఆత్మకూరులో మా ఇంటికే వచ్చి థెరపీ చేయడానికి ఒక మేడమ్ ఒప్పుకున్నారు. ఆమె మొదటిసారి వచ్చే రోజు నేను ఇల్లంతా కడిగాను. పాప గంటల తరబడి వరసగా పేర్చుకునే సీసామూతలను డబ్బాలో వేసి అటకెక్కించాను. పాప ఒకటే ఏడుపు.

అత్త స్టూలెక్కి డబ్బా దించింది.

"వద్దత్తా, ఆమె ఏమనుకుంటాది?" అన్నాను.

"ఆయమ్మ వచ్చేది ఇల్లు చూసేదానికి కాదు గదా. బిడ్డ ఎట్టుండాదో అట్టనే చూడనీ."

మేడమ్ వచ్చి, పాపకు కాస్త దూరంగా నేల మీద కూర్చున్నారు. చాలాసేపటికి ఒక మూత తీసి వరస చివర పెట్టారు. పాప దాన్ని తీసేసింది. అంతలోనే పాప దాన్ని తిప్పి సరిగా పెట్టి, ఇంకో మూత మేడమ్ చేతికిచ్చింది.

"నాకు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు అత్తా" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు వంటలో ఉన్నప్పుడు నాకు రోజూ ఇస్తానే ఉండాది" అంది అత్త.