ఏడుస్తూ పిలిచే పిలుపు

ఆ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ మాటల పంతులమ్మ అనేవారు. బట్టలుతికే మిషన్లు చెడిపోయాయని దూరాన ఉన్న ఒక చిన్న దేశం నుంచీ, ఒక పెద్ద దేశం నుంచీ ఫోన్లు వచ్చే ఆఫీసది. ఏ దేశంవాళ్ళు చేస్తే ఆ దేశపు ఇంగ్లీషులో మాట్లాడేలా పిల్లల్ని తయారుచేయడం ఆవిడ పని.

కారు డిక్కీని చిన్న దేశంవాళ్ళు బూట్ అంటారనీ, పెద్ద దేశంవాళ్ళు ట్రంక్ అంటారనీ, మనకేమో ఒకటి కాలికి తొడుక్కునేది, ఇంకోటి బట్టలు దాచుకునే పెట్టె అనీ ఆవిడ చెబితే క్లాసు గొల్లున నవ్వేది. ఒక్కొక్కరి చేతా పలికించి, మాట నోట్లో నానేదాకా వదిలేది కాదు. ఆవిడ గొంతు ఆరిపోతుందని ముందు బల్లమీద కూర్చునే సన్నపాటి అమ్మాయి రోజూ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తెచ్చి, అడగకుండానే పెట్టేది. చేసిన మేలు చెప్పుకోని పిల్లలంటే దేవుడికి ఇష్టమని ఆవిడ నమ్మకం.

పై అంతస్తులో కొత్త విభాగం పెట్టారు. దాని తలుపు ఎప్పుడూ లోపలినుంచి గడియ వేసే ఉండేది. సన్నమ్మాయితోబాటు కొందరిని అక్కడికి మార్చారు. ఆ విభాగం సారు గొంతు పెంచి ఎరగడు. ఒకరోజు పంతులమ్మకు తానే కుర్చీ జరిపి, మెల్లగా అడిగాడు.

"చిన్న దేశంలో మనవడు అమ్మమ్మని ఏమని పిలుస్తాడు మేడమ్? మామూలుగా కాదు. ఏడుస్తూ."

రేపు క్లాసులో చెబుతానంది ఆవిడ. బట్టల మిషన్లకు ఏడుపుతో ఏం పని? చిన్నప్పుడు తను 'అమ్మమ్మా' అని కేకేస్తే, అమ్మమ్మ ఎందుకని అడగకుండా చేతిలో పని వదిలి పరుగెత్తుకొచ్చేది. ఆ రాత్రి అదే పదేపదే గుర్తొచ్చింది.

పొద్దున్నే చేతులు కడుక్కునే చోట సన్నమ్మాయి కనబడితే నిలేసింది. ఆ పిల్ల కుళాయి ఇంకాస్త తిప్పి, నీళ్ళ చప్పుడులో చెప్పింది.

"పైకి ఫోన్లు రావు పిన్నీ. మేమే చేస్తాం, ముసలాళ్ళకి. నేనే నీ మనవరాల్ని, పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపమని."

"మానెయ్యవే తల్లీ."

"మానేస్తానన్నాను. మా తమ్ముడు ఏ బస్సెక్కుతాడో సారు నవ్వుతూ చెప్పాడు. పోలీసుల మాట ఎత్తకు. మొన్న పైన కూర్చుని టీ తాగి వెళ్ళింది వాళ్ళే."

పై అంతస్తు పిల్లల క్లాసు మొదలైంది. చిన్న దేశపు మనవలు అమ్మమ్మని నాన్ అంటారు, పెద్ద దేశపు మనవలు గ్రాండ్మా అంటారు. పోలీసుల నుంచి విడిపించే వకీలు చిన్న దేశంలో సొలిసిటర్, పెద్ద దేశంలో అటార్నీ. ఆ సంగతి ఆవిడకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆవిడ దేవుణ్ణి తలుచుకుని, రెండు దేశాల మాటల్నీ తారుమారు చేసింది. తప్పు నేర్పడం బతుకులో అదే మొదలు. పాత పాఠాలు ఎరిగిన సన్నమ్మాయి ఒక్కసారి తలెత్తి చూసింది. తరవాత ఆ తప్పు మాటనే అందరికంటే గట్టిగా పలికింది.

కొన్నాళ్ళకు ఆ పిల్ల ఫ్లాస్కు పెడుతూ గుసగుసగా చెప్పింది. ఒక ముసలావిడ, "నా మనవరాలు నన్నలా పిలవదు" అని ఫోను పెట్టేసిందట. తరవాత ఇంకొకావిడా అంతేనట. పంతులమ్మ ఆ వేణ్ణీళ్ళు కళ్ళకద్దుకుని తాగింది. కానీ ఆ అమ్మాయి మొహంలో నవ్వు లేదు. సారు ఆ ఫోన్ల రికార్డులన్నీ మళ్ళీ వింటున్నాడని కూడా చెప్పింది.

మర్నాడు ముందు బల్ల ఖాళీగా ఉంది. మిగతా పిల్లలెవరూ తలెత్తలేదు. సారు లోపలికొచ్చి, ఫ్లాస్కు బల్లమీద పెట్టాడు. ఆ పిల్లదే, మూత దగ్గర సొట్ట పడ్డది.

"ఆ అమ్మాయి ఈరోజు రాదు మేడమ్. నీళ్ళు నేనే తెచ్చాను."

అందరినీ బయటికి పంపించి, ఆ అమ్మాయి చోట్లో తను కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు, బుద్ధిమంతుడైన విద్యార్థిలా.

"నాకూ నేర్పండి. చిన్న దేశపు అమ్మమ్మని ఏమంటారు?"

ఆవిడ ఫ్లాస్కు మీద చెయ్యి ఉంచింది. అది చల్లగా ఉంది. ఎక్కడో ఒక ముసలావిడ ఫోను మోగగానే చేతిలో పని వదిలి లేస్తూ ఉంటుంది. ఇక్కడ ఒక పిల్ల ఎక్కడుందో తెలియదు. ఇద్దరినీ దేవుడికి అప్పజెప్పి, క్లాసులో నేర్పినట్టే చెప్పింది.

"గ్రాండ్మా."

సారు ఆ మాటను మెల్లగా తిరిగి పలికాడు. పాఠం అప్పజెప్పినవాడిలా చిన్నగా నవ్వి, లేచి, తలుపు లోపలినుంచి గడియ వేశాడు.