సింహాచలం మావ ఆ గోడ గురించి సెప్పిన మాట

నిన్న పొద్దున్న టీ పెట్టుకుంటంటే బొబ్బిలి నుంచి ఫోన్ వచ్చినాది.

సింహాచలం మావ లేడన్నారు.

స్టవ్ కట్టీడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోనాను.

మావ మాకు చుట్టం కాడు. మా నాన్నతో కలిసి రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టినోడు.

అరవైల చివర. బొబ్బిలి రోడ్డులో పాత రాతి వంతెన పడగొట్టి కొత్తది కడతన్నారు. కంట్రాక్టరు కంప్రెసర్, దానితో నడిచే గాలి సుత్తులు తెచ్చినాడు. మా వైపు అప్పటికి అదో వింత.

పెద్ద సుత్తి రోడ్డు పగలగొట్టడానికి. మొనదేలిన ఉలి ఉన్న చిన్నది, వంతెన గోడ రాళ్ల అతుకులు విప్పడానికి.

పని తొందరగా అవ్వాలని మేస్త్రి పెద్దదాన్ని గోడ అడుగున పెట్టమన్నాడు.

మావ ఒప్పుకోలేదు.

"అడుగున కొడితే పైదంతా మీదికొస్తాది. సిన్న సుత్తి ఇయ్యండి, పైనుంచి ఒక్కో వరస దింపుకొస్తాను" అన్నాడు.

మేస్త్రి మావని రాళ్లు మొయ్యడానికి పంపీసి, సుత్తి మా నాన్న చేతికిచ్చినాడు. ఇంట్లో అమ్మ బాలింత. పని వదులుకునే ధైర్యం నాన్నకి లేదు.

మధ్యాహ్నానికి గోడ కూలిపోనాది. నాన్న కిందే ఉన్నాడు. రాళ్లు తీసేసరికి ప్రాణం లేదు.

ఎంక్వైరీకి ఆఫీసరు వచ్చినాడు. అమ్మ, చంకలో తమ్ముడు, పక్కన నేను.

"తాగొచ్చి పని చేశాడండి" అన్నాడు కంట్రాక్టరు.

మా నాన్న కల్లు కూడా ముట్టడు. అక్కడున్న కూలోళ్లందరికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు.

మావే ముందుకొచ్చినాడు.

"ఆడు తాగలేదు బాబూ. ఆ సుత్తి ఆ గోడకి పనికిరాదని నేను ముందే సెప్పినాను. మేస్త్రే పెట్టించినాడు."

ఆఫీసరు కంట్రాక్టరు చెప్పిందే రాసుకున్నాడు.

ఆ తర్వాత ఏ కంట్రాక్టరూ మావని పనిలోకి రానివ్వలేదు. ఊళ్లమ్మట తిరిగి, సమ్మెట పట్టుకుని రైతుల నూతుల్లో రాయి కొట్టుకుని బతికినాడు.

మా అమ్మ ఊళ్లో తలెత్తుకు తిరిగిందంటే ఆ ఒక్క మాట వల్లే.

కొన్నేళ్ల కిందట విజయనగరంలో మా వీధి కాలవ పనికి రాయి పగలగొట్టే హైడ్రాలిక్ బ్రేకర్ తగిలించిన పొక్లెయిన్ వచ్చినాది. ఆ రోజు మావ మా ఇంట్లోనే ఉన్నాడు. ఆపరేటర్ పాత కాలవ గోడలోకి ఉలిని వాలుగా దింపి రాయిని మీటుతన్నాడు.

మావ కర్ర పట్టుకుని వెళ్లినాడు.

"నిలువుగా పెట్టు నాయనా. అంచు నుంచి కొట్టుకురా. మీటితే ఉలి ఇరిగిపోతాది. ముందు ఆ గోడ పక్కనున్న మనుషుల్ని తియ్యి."

ఆపరేటర్ నవ్వినాడు. ఇంజిన్ ఆపలేదు.

మావ వెళ్లి గోడ పక్కన మట్టి ఎత్తుతున్న ఆడవాళ్ల ముందు నిలబడిపోనాడు. వాళ్లు లేచి ఇవతలికి వచ్చేదాకా కదల్లేదు.

నిన్న నేను బొబ్బిలిలో మావ దగ్గరికి వెళ్లేసరికి ఆ వంతెన కంట్రాక్టరు మనవడు కారులో పెద్ద దండ పంపినాడు. "గొప్ప మనిషిని కోల్పోయాం" అని స్టేటస్ కూడా పెట్టినాడు.

ఆ మనిషికి పని లేకుండా చేసింది ఎవరో ఆ స్టేటస్‌లో లేదు.

దండ తీసి గుమ్మం బయట పెట్టీసినాను. పెట్టానని ఇక్కడ రాస్తన్నాను కూడా.

మావా, మా నాన్న కోసం నువ్వన్న మాట వినడానికి నాన్న లేడు. మేం విన్నాం.

ఇకనైనా నీ ప్రాణానికి శాంతి దొరకాలి.