పెద్దమ్మ తన మీద తానే పెట్టుకున్న శోకం

నేను గిటారు మీద వాయించేది డూమ్ మెటల్. శవం వెంట నడిచేవాళ్ళ అడుగులంత నెమ్మదిగా సాగే, బరువైన సంగీతం. మా పాటలన్నీ చావు గురించీ, చచ్చాక నడవాల్సిన దారి గురించీ. మిగతా రోజుల్లో గద్వాలలో మా ఇంటి మగ్గాల పని చూసుకుంటాను. ఆదివారం వనపర్తిలో స్నేహితుడి దగ్గరికి వెళతాను. అతను పెళ్ళిళ్ళకు మైకుసెట్లు పెడతాడు, మా పాటలకు డ్రమ్స్ వాయిస్తాడు. మా బ్యాండంతా మేమిద్దరమే.

అప్పుడు వైతరణి మీద పాట కడుతున్నాం. చనిపోయినవాడు ఆ నెత్తుటి ఏటి ఒడ్డున నిలబడతాడు. పట్టుకుని దాటడానికి ఆవు తోక లేదు. వెనక యమదూతలు. మాటలు కుదిరాయి, రాగం కుదిరింది. కానీ అతని ఇంటి నుంచి వినబడాల్సిన ఏడుపు మాత్రం మా గొంతుల్లో నాటకంలా ఉంది.

అప్పుడు పెద్దమ్మ గుర్తొచ్చింది. అమ్మకు అక్క, తెలకపల్లిలో ఒక్కతే ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో చావైనా వెళ్ళి శోకం పెడుతుంది. పోయినవాళ్ళ బతుకంతా రాగంలో అల్లి ఆమె ఏడుస్తుంటే, పలకరించడానికి వచ్చిన మగవాళ్ళు కూడా కండువాలో మొహం దాచుకుంటారు.

వెళ్ళి అడిగాను.

“చావు లేని ఇంట్ల శోకం పెడ్తరా బిడ్డా? సావును పిలిచినట్టు గాదూ?”

“ఇంట్ల వద్దు పెద్దమ్మా. మా దోస్తు పొలం కాడ పెడుదువు.”

పొలమైతే సరేనంది.

గోపాల్‌పేట దగ్గర స్నేహితుడి వేరుశనగ చేను. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల మనిషి లేడు. గోనెసంచి మీద కూర్చుని పెద్దమ్మ జుట్టు ముడి విప్పింది. నా స్నేహితుడు ఆమె ముందు మైకు పెట్టాడు.

“ఎవరి మీద ఏడ్వాలె?” అంది.

“ఎవరి మీద కాదు. ఊకెనే,” అన్నాను.

“ఊకెనే ఏడుపెట్ల వస్తది? మనిషుండాలె గద.”

“పీర్ల పండుగకు యుద్ధంల పోయిన షహీదుల మీద పాడ్తరు గద పెద్దమ్మా, గట్ల,” అన్నాడు నా స్నేహితుడు.

“వాళ్ళు పోయినోళ్ళే గద కొడుకా.” చేనువైపు చూసి, “నా మీద నేనే ఏడుస్త. నేను పోతె ఏడ్చెటోళ్ళెవరున్నరు?” అంది.

వద్దనేలోపే, తననే చెల్లెలిగా పిలుచుకుంటూ ఎత్తుకుంది.

“ఓ నా చెల్లే... నీ పొయ్యి సల్లగాయె, నీ గడప చిన్నబోయె... ఎవరు తోడొచ్చిన్రే ఏటి ఒడ్డుదాకా...”

అది నటన కాదు. తన కాలి బొటనవేళ్ళు కలిపి కట్టడం, తన నుదుట పసుపు రాయడం, గుమ్మంలో నల్లటివాళ్ళు వచ్చి నిలబడటం, అన్నీ కళ్ళతో చూస్తున్నట్టే చెప్పుకుంటూ పోయింది. ఆమె చూపు నా మీద లేదు, నా భుజం మీదుగా వెనక్కి ఉంది. తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. నా స్నేహితుడి పెదాలు దువా చదువుతున్నట్టు కదులుతున్నాయి.

ఉన్నట్టుండి, మాట మధ్యలో ఆపేసింది. జుట్టు ముడివేసుకుని, “సాలు. నీళ్ళియ్యి,” అంది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఫోను చేస్తే పక్కింటామె ఎత్తింది. “మీ పెద్దమ్మ కండ్లు తిరిగి పడ్డది. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోయిన్రు.”

బండి తీశాను. వనపర్తిలో నా స్నేహితుడు ఎక్కాడు. కాస్త దూరం వెళ్ళాక వెనక నుంచి అన్నాడు: “ఆ రికార్డు తీసేస్త. ఫోన్లనే ఉంది, ఇప్పుడే తీసేస్త. మౌత్ తోటి, సావుతోటి మజాకైంది మనకు.”

“వద్దురా!” అని అరిచాను. ఉంచితే ఆ నల్లటివాళ్ళు ఆమెను పిలుచుకుపోతారని భయం. తీసేస్తే ఆమె గొంతును మేమే నొక్కినట్టవుతుందని ఇంకా పెద్ద భయం. అతను ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వార్డులో, సెలైను పెట్టిన చేతితో, పెద్దమ్మ మంచంలో సగమై కనిపించింది. మమ్మల్ని చూసి, “గట్ల మొఖాలేసుకొచ్చిన్రేంది?” అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు అర్థమైంది.

“పిచ్చోడా, బీపీ గోళీలు ఏసుకోలే, గందుకే పడ్డ. శోకంల సాగనంపే మాట ఒకటుంటది. అది అనేదాక మనిషి కదలదు. నేనది అనలే.”

“నీకు భయం కాలేదా పెద్దమ్మా?”

“ఎందుకు కాలే? నీ ఎనక ఎవరో నిలవడ్డట్టు అగుపడ్డది. గందుకే ఆపిన.”

నా స్నేహితుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పెద్దమ్మ కోలుకుని ఇంటికి వెళ్ళింది. పాట పూర్తిచేశాం. ఆమె గొంతు తెగినచోట మేమేమీ అతికించలేదు. ఇప్పుడామె ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: “వచ్చి ఆ సాగనంపే కడమాట నేర్చుకోరా. నా మీద అనెటోడు ఒకడన్న ఉండాలె.”

మగ్గం మీద చీర ఉంది, అది దిగాక వస్తానని చెబుతున్నాను. ఆ చీర ఎప్పుడో దిగింది. నేనింకా వెళ్ళలేదు.