ఆ ఏడాది ఇంటి పన్ను రసీదు

ఉద్యమం రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కోరుట్లలో ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. బడి వదిలితే చాలు, దీక్షా శిబిరానికి పరుగు. అక్కడా కుదురుగా కూర్చోలేను. జగిత్యాలలో నిన్న రాస్తారోకో చేశారట, సిరిసిల్లలో మరమగ్గాల సాంచలు బంద్ పెట్టారట, మరి మనమేం చేస్తున్నామని ఊరికే అందరి మీదా ఎగిరేవాణ్ణి.

ఆ మంటలోనే నాకో ఆలోచన తట్టింది. తెలంగాణ వచ్చేదాకా మా వార్డులో ఎవరూ ఇంటి పన్ను కట్టొద్దు. ఖజానా ఎండిపోతే సర్కారు దిగొస్తుందని నా లెక్క. తీర్మానం నేనే రాసి, మైకులో చదివి, ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమన్నాను. టెంటు నిండా చేతులే.

వెనక వరుసలో ఒకామె మాత్రం ఎత్తలేదు. బీడీలు చేసి బతికే మనిషి, మా వెనక గల్లీలో వాగు ఒడ్డున రెండు గదుల ఇల్లు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. లేచి నా దగ్గరికొచ్చి మెల్లగా అంది.

“సారు, మీకు పట్టాలున్నయి. నాది సర్కారు జాగ. యేటా కట్టే గా పన్ను రసీదే నాకు పట్టా. గది ఆపితే ఇల్లు నాదని ఎట్ల చెప్పాలె?”

సమాధానం నేనూ మెల్లగానే చెప్పొచ్చు. కానీ చేతిలో మైకుంది. “ఏందక్కా, నీకు తెలంగాణ అక్కర లేదా?” అన్నాను. టెంటంతా తిరిగి చూసింది. ఆమె తల దించుకొని చెయ్యెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

ఇంటికెళ్లి ఈ సంగతి గొప్పగా చెబితే, కిరాణా దుకాణం నడిపే మా నాయిన “మంచిదే” అని అన్నంలో చారు పోసుకున్నాడు.

అప్పటికి మున్సిపాలిటీకి పాలకవర్గం లేదు, ప్రత్యేకాధికారే అన్నీ. పన్ను రాక మా వార్డులో మాడిపోయిన వీధిదీపాల జాగాలో కొత్తవి పడలేదు. చెత్త ట్రాక్టరు ఎప్పుడొస్తే అప్పుడే. మురికి మోరీ కంపుకు ముక్కు మూసుకుంటూ, ఇదీ మన గెలుపేనని బడి పిల్లలకు చెప్పాను. నిజంగా నమ్మే చెప్పాను.

మరుసటి ఏడాదికి తెలంగాణ వచ్చింది, అందరూ మళ్లీ పన్ను కట్టసాగారు. కొన్నాళ్లకు వాగు పక్క రోడ్డు వెడల్పు చేయాలని సర్వే జరిగింది. ఇళ్లు పోయేవాళ్లకు వేరేచోట జాగా ఇస్తామన్నారు. ఒక్క ఏడాదీ తప్పకుండా పన్ను రసీదులు ఉన్నవాళ్ల పేర్లే జాబితాలో ఎక్కాయి. ఆమె మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. చేతులకింకా తంబాకు వాసన.

“నా పేరు రాలే సారు. అన్ని రసీదులు చూపిచ్చిన. గా ఒక్క ఏడాదిది లేదన్నరు. ఇప్పుడు కడతనంటే చెల్లదన్నరు.”

నాకు ఒళ్లు మండింది. “గా ఏడాది వార్డుల ఎవ్వరు కట్టలే! ఉండక్కా, మా ఇంటి రసీదులు తెస్త. మాకు గూడ లేదని చూపిచ్చి కొట్లాడుదాం, నడువు” అని లోపలికి ఉరికాను. నాయిన కాగితాల సంచి తెచ్చి ఆమె ముందే అరుగు మీద కుమ్మరించి, ఒక్కొక్కటే గబగబా తిరగేశాను.

ఆ ఏడాదిది ఉంది. నాయిన పేరు మీద, ముద్రతో సహా. తేదీ చూశాను. నేను మైకు పట్టుకున్న వారానికే కట్టేశాడు.

ఆమెకు చదువు రాదు. కానీ నా చేతిలోని కాగితం రంగు గుర్తుపట్టింది. ముఖం వెలిగింది.

“గదే సారు! గా కాయితమే అడుగుతున్నరు. ఎవరిదది?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను. “మాదే అక్కా. నాయిన కట్టిండంట. నాకు తెల్వదు” అన్నాను.

ఆమె ఆ కాగితాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండుననిపించింది. కొంగు దులుపుకొని లేచింది.

“మీ ఇంట్లనే ఆపలేకపోయినవు. నన్నెందుకు ఆపినవు సారు?”

అంతే అడిగింది. అరుగు దిగి వాగు దిక్కు వెళ్లిపోయింది.