మెడికల్ అయ్యేదాకా

మాది రెంటచింతల పక్క ఊరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే చోట పుట్టి పెరిగినవాణ్ణి, సిడ్నీ ఎండ నాకో లెక్కా అని కోతలు కోసేవాణ్ణి. పెండిల్ హిల్‌లో పడమటి ముఖంగా ఉన్న ఆ పై అంతస్తు ఫ్లాటు అద్దెకు తీసుకున్నది కూడా ఆ ధీమాతోనే. ఇక్కడ నడివేసవి అయిన జనవరిలో, మధ్యాహ్నాలు పడగ్గది గోడ మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. ఇంటాయన పెట్టించిన పాత ఏసీ ఒకటి హాల్లో ఉండేది గానీ దానికి చప్పుడెక్కువ, చలవ తక్కువ. సముద్రం ఉన్న ఊరే. అయితే ఆ గాలి ఒడ్డున ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. మా వైపుకు వచ్చేది కొండల్లో తగలబడుతున్న అడవుల పొగే.

ఆ ఏడు పొగ డిసెంబరులోనే మొదలైంది. బాల్కనీలో ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెడుతుంటే బూడిద వాసన వేసేవి. కిటికీలు తెరిస్తే పొగ, మూస్తే ఉడుకు. ఏది నయమో తెలియక మా ఆవిడ రోజుకు పదిసార్లు తెరిచి పదిసార్లు మూసేది.

ఆమెది బందరు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదట, చేపమందు మింగిస్తే తగ్గిందట. పెళ్ళిచూపుల్లో ఆ ముక్క దాచారని నేను దెప్పితే, "మీ గురక సంగతి మీవాళ్ళు చెప్పారా మరి?" అనేది. పన్నెండేళ్ళు ఆ ఆయాసం మా ఇంట్లో ఒక హాస్యంగానే ఉండిపోయింది. ఆ డిసెంబరులో మాత్రం, స్టేషన్ నుంచి నడిచొచ్చి మెట్లెక్కాక, ఆమె గుండెల్లోంచి పిల్లికూతలు వినపడ్డాయి.

సరిగ్గా అప్పుడే మా పీఆర్ ఫైలు, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండనిచ్చే వీసా ఫైలు, కదిలింది. స్టూడెంట్ వీసాతో మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తాత్కాలిక వీసాల మీద ఏళ్ళు నెట్టుకొచ్చినవాళ్ళం. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే. వీసా కోసం చేసే ఆ ఆరోగ్య పరీక్షకు జనవరి చివర్లో తేదీ దొరికింది. ఆ ఆదివారం మన హోటళ్ళుండే హారిస్ పార్కు పేటలో భోజనం దగ్గర, మేమంతా అంకుల్ అని పిలిచే పెద్దాయన నా భుజం తట్టి, "మెడికల్లో జాగ్రత్త అబ్బాయ్. పఫర్ అన్న మాట వినపడిందా, ఫైల్ హోల్డ్‌లో పడేస్తారు. మా ఫ్రెండ్ వాళ్ళకి అట్లాగే అయింది" అన్నాడు.

పఫర్ అంటే ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్, ఇక్కడ అలాగే అంటారు. ఆ ఫ్రెండు ఎవరో నేను అడగలేదు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవడేం చెప్పినా రుజువు చూపించమని ప్రాణాలు తోడేసే ఉద్యోగం. ఆ ఒక్క మాటకు మాత్రం రుజువు అక్కర్లేకపోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆయన అన్నం తింటూ ఏదో అన్నాడు, దాన్ని ఇంటికి మోసుకొచ్చి చట్టం చేసినవాణ్ణి నేను.

మెడికల్ అయ్యేదాకా డాక్టరు దగ్గరికి వెళ్ళకూడదు. ఫార్మసీలో అడగకూడదు, కంప్యూటర్లో పేరు ఎక్కుతుంది. ఇక్కడ మనవాళ్ళ సూట్‌కేసు ఎవరిది తెరిచినా సగం మందుల షాపే కాబట్టి, ఇండియాలో ఉన్న మా బావమరిది కారప్పొడి ప్యాకెట్ల మధ్య రెండు పఫర్లు చుట్టి, ఇటు వస్తున్న వాళ్ళ చేతికిచ్చి పంపాడు. మా ఏడేళ్ళ పిల్లని కూర్చోబెట్టి, అమ్మ దగ్గు సంగతి బయట ఎవరికీ చెప్పకూడదన్నాను. చెబితే మనల్ని ఇండియా పంపించేస్తారని భయపెట్టాను.

"బట్ ఐ వాజ్ బార్న్ హియర్," అంది.

"నిన్ను కూడా పంపిస్తారు."

"ఓకే నాన్నా, ఐ వోంట్ టెల్" అంది. బంగారు తల్లి అని ముద్దుపెట్టుకున్నాను. ఇప్పుడా ముద్దు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మెడికల్‌కు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఎండ నలభై దాటింది, పొగకి ఎదురు బిల్డింగు కూడా ఆనడం లేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ హాల్లో ఏసీ కింద, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఏవండీ, ఒక్కసారి డాక్టరుకి చూపించుకుందాం. ఈ రెండో పఫర్ పని చేస్తున్నట్టు లేదు."

నేను దాన్ని తీసుకుని నొక్కి చూశాను. తుస్సుమంది. "వస్తోందిగా" అన్నాను. లోపల మందు అయిపోయినా ఇంకా కొంతకాలం ఉత్త గాలి అలాగే తుస్సుమంటుందని నాకు తర్వాత తెలిసింది. "పదకొండు రోజులేగా, ఓపిక పట్టు. మెడికల్ అయిన సాయంత్రమే నేనే తీసుకెళ్తా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, "సరే" అంది. చారులో ఉప్పు గురించి కూడా నాతో పోట్లాడే మనిషి. ఆ రోజు పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే ఎంత బాగుండేది! పిల్ల కోసం ఆ పీఆర్ తనకీ కావాలి, అందుకే నోరు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పారమట్టాలో, స్వెట్టరు వేసుకునేంత చల్లటి ఆఫీసులో నేను మీటింగులో ఉండగా ఫోనొచ్చింది. మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ అడిగింది.

"ఏవండీ... అంబులెన్స్... పిలవనా?"

చచ్చిపోతూ కూడా నా పర్మిషన్ అడిగింది. నేను పెట్టిన చట్టం కదా! పిలువు, పిలువు అని మీటింగు మధ్యలో అరిచాను. అటునుంచి జవాబు లేదు. అంబులెన్సుకి నేనే ఫోన్ చేసి, ట్యాక్సీలో పడి వచ్చేసరికి ఆమెను స్ట్రెచర్ మీద మెట్లు దింపుతున్నారు. పిల్ల పైన గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవడం లేదు.

ఆస్పత్రిలో అడిగారు. ఆఖరుసారి డాక్టరు చూసిందెప్పుడు? ఏ మందు వాడుతోంది? ఎన్నాళ్ళ నుంచి? ఆమె జబ్బుకి ఈ దేశంలో ఒక్క కాగితం లేదు. నేను కోరుకున్నదీ అదే. ఆ సాయంత్రం ఆమె పోయింది.

కొన్ని నెలల తర్వాత ఆ మెడికల్‌కి నేనూ, పిల్లా వెళ్ళాం. అక్కడి డాక్టరుకి నేనే మొత్తం చెప్పాను, ఆపుకోండి నా ఫైలు అన్నట్టు. ఆయన రాయడం ఆపి, మామూలుగా ఆస్తమా వీసాకి అడ్డు కాదన్నాడు. ఊదించి చూస్తాం, రాసుకుంటాం, పంపేస్తాం అన్నాడు. ఆ పఫర్‌ని డాక్టరు చీటీ లేకపోయినా ఫార్మసీలో అడిగితే ఇచ్చేవాళ్ళేనని, ఎంతో మెల్లగా చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, నాకు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. పీఆర్ వచ్చింది, మా ఇద్దరికీ.

మళ్ళీ వేసవి వచ్చింది, మళ్ళీ పొగ. ఒక రోజు సాయంత్రం బాత్రూంలో ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు ఆగకపోతే, కేకలేద్దామని తలుపు తోశాను. షవర్ తిప్పి వదిలేసి, పొడి బట్టలతోనే నేల మీద కూర్చుని, మా అమ్మాయి టవల్ నోట్లో కుక్కుకుని దగ్గుతోంది. టవల్ లాగేస్తే ఆ చిన్న గుండెల్లోంచి అవే పిల్లికూతలు.

"ఎన్నాళ్ళ నుంచి తల్లీ?"

"సిన్స్ క్రిస్మస్. ఐ డిడ్ంట్ టెల్ ఎనీవన్, నాన్నా. ప్రామిస్."

అలాగే ఎత్తుకుని మెట్లు దిగి, చెప్పుల్లేకుండానే రోడ్డు చివర క్లినిక్కు దాకా పరిగెత్తాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఏమైందని అడిగింది. చెబుదామని నేను నోరు తెరిచేసరికి, నా భుజం మీద ఎగశ్వాస తీస్తున్న నా కూతురు చెయ్యి చాపి నా నోరు మూసేసింది.