దిగువ వీధి నీళ్ల ప్రకటన

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, తిరుపతికి దక్షిణాన ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీకి నన్ను బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ. విభాగం నీటి సరఫరా. ఊరి పేరు రాయడం లేదు. అక్కడ నాతో పనిచేసినవాళ్లలో కొందరు ఇంకా సర్వీసులోనే ఉన్నారు.

మా విభాగంలో వరస ఇలా ఉండేది. అందరికీ పైన కమిషనర్. ఆయన కింద మునిసిపల్ ఇంజనీరు. ఆయన కింద నేను. నా కింద వర్క్ ఇన్‌స్పెక్టరు, ఫిట్టర్లు. ఫిట్టరంటే వాల్వులు తిప్పి వీధి వీధికీ నీళ్లు వదిలే మనిషి. ఊళ్లో అతన్ని నీళ్లాయన అంటారు. నేను పద్దెనిమిదేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి ఏఈనయ్యాను కాబట్టి, ఏ ఊరికి వెళ్లినా మొదట నీళ్లాయనను పరిచయం చేసుకోవడం అలవాటు. అక్కడి నీళ్లాయన పేరు చెంగల్రాయుడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ మిద్దె మీది తొట్టి నిండుతుందో అతనికి నోటికి వచ్చు.

నేను చేరేసరికి ఊళ్లో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. పాతకాలపు సిమెంటు పైపులు తీసి కొత్త పైపులు వేయడం మాది. రోడ్డు పక్కన మురుగు కాలువ తవ్వడం వేరే కాంట్రాక్టరుది. ఊరికి రోజు విడిచి రోజు నీళ్లు, వీధికి గంట. దిగువ వీధిలో పైపు మార్చడానికి ఆ గంట కూడా ఆపాల్సి వచ్చింది. ఆపే ముందు ప్రజలకు తెలియజేయాలన్నది నియమం. మా ఆఫీసులో ఏళ్ల తరబడి ఉన్న నమూనానే నేనూ టైపు చేయించాను. సాంకేతిక కారణాల వల్ల నీటి సరఫరాలో అంతరాయం ఏర్పడుతుందనీ, పట్టణ ప్రజలు సహకరించగలరనీ దాని సారాంశం. కమిషనర్ సంతకమయ్యాక మైకు ఆటో దాన్ని ఊరంతా వినిపించింది. నా బాధ్యత తీరిందనుకున్నాను.

మర్నాడు ఎస్తేరమ్మ ఆఫీసుకు వచ్చింది. దిగువ వీధి మొదట్లో, ప్రార్థన మందిరం పక్కన ఆమెకు ఇడ్లీ అంగడి ఉంది. తెల్లవారి పనికి పోయే కూలీలంతా అక్కడే తింటారు.

"అమ్మా, సాంకేతిక కారణాలంటే ఏంది? రేపు మాకు నీళ్లొస్తాయా రావా?" అని అడిగింది.

పని పూర్తయ్యాక వస్తాయన్నాను.

"పని ఎప్పుడైతాది?"

ఇప్పుడే చెప్పలేమన్నాను.

"ఆ సెప్పలేమనే మాటన్నా మైకులో సెప్పుంటే, మొన్ననే ఇంకో రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకోని ఉందును గదమ్మా" అంది.

గొంతు పెంచలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. మండుటెండలో నిలబడి పని చేయిస్తున్నది నేను, ఈమె నన్ను నిలదీయడమేమిటనుకున్నాను. ఆమె వెళ్లిపోయాక వర్క్ ఇన్‌స్పెక్టరుతో ఏదో దురుసుగా అన్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే బాగుండదు.

రెండు రోజులనుకున్న పని నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు తెల్లవారి ఐదున్నరకు దిగువ వీధికి కొత్త పైపులో మొదటిసారి నీళ్లు వదిలాం. నేను ట్యాంకు దగ్గర ఉన్నాను. ఆరుంబావుకు చెంగల్రాయుడు ఫోను చేశాడు.

"మేడమ్, సివరింటి కాడ రంగు రాలేదు. మూడు తూర్లు సూసినా."

ఈ రంగు సంగతి చెప్పాలి. నీళ్లలో క్రిములు చావడానికి ట్యాంకులో క్లోరిన్ కలుపుతాం. అది చివరి ఇంటి దాకా చేరిందో లేదో ప్రతి విడతా చూడాలి. ఆ కొళాయి నీళ్లను చిన్న గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు రాలేదంటే క్లోరిన్ దారిలో ఎక్కడో ఖర్చయిపోయింది. అంటే పైపులోకి ఏదో మురికి చేరింది. చాలా ఊళ్లలో ఈ పరీక్ష రిజిస్టరులోనే జరుగుతుంది. అంకె వేసి సంతకం పెడతారు. చెంగల్రాయుడు కూడా ఆ పని చేసి ఇంటికి పోయి ఉండవచ్చు. పోలేదు. చివరి ఇంటి దగ్గర మూడుసార్లు చూసి, ఎగువకు నడిచి నాలుగో ఇంటి దగ్గర మరోసారి చూశాడు. అక్కడా రంగు రాలేదు.

వాల్వు కట్టేయమన్నాను. అప్పటికే కట్టేశానన్నాడు. ఆ తర్వాత, "మేడమ్, వాసన కూడా ఉండాది" అన్నాడు.

పది నిమిషాల్లో అక్కడికి వెళ్లాను. వీధి మధ్యలో మురుగు కాలువ కోసం తవ్విన గుంత అంచున మా కొత్త పైపు అతుకు పక్కకు జరిగి ఉంది. మా పని అయిపోయాక ఏదో యంత్రం దాన్ని కదిపినట్టుంది. నీళ్లు రాని వేళల్లో పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపు చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. కాలువ నీళ్లు అలా లోపలికి చేరాయి. నలభై ఐదు నిమిషాలుగా వీధి వీధంతా ఆ నీళ్లే పట్టుకుంది.

నియమం ప్రకారం నేను చేయాల్సినవి మూడు. సరఫరా ఆపాలి. నమూనా తీసి పరీక్షకు పంపాలి. పై అధికారికి తెలపాలి. ప్రజలకు ప్రకటన చేయడం మాత్రం నా చేతిలో లేదు. అది కమిషనర్ సంతకంతోనే వెళ్లాలి. ఆయన కలెక్టరు సమావేశానికి చిత్తూరు బయలుదేరారు, ఫోను కలవలేదు. మునిసిపల్ ఇంజనీరుకు చేశాను. చెడ్డవాడు కాడు, ముప్పయ్యేళ్ల అనుభవమున్నవాడు. పరీక్ష ఫలితం రాకుండా చెబితే ఊరంతా గగ్గోలవుతుందని, రేపు పేపర్లో పడితే సమాధానం చెప్పేది ఎవరని అడిగి, కమిషనర్ గారు దొరికేదాకా ఆగమన్నారు. మా ఆఫీసులో ఉండే పరీక్ష మందు సీసాలో పోసిన నీళ్లు నల్లబడి చెడ్డవని తేలడానికి ఒక రోజు పడుతుంది. తిరుపతి ల్యాబు నివేదికకు రెండు రోజులు. అప్పటికి ఆ నీళ్లు తాగడమూ, అరగడమూ అయిపోతాయి.

ఫోను పెట్టేసి ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. భయమేసిందనే చెప్పాలి. నాలుగేళ్లలో పింఛను తీసుకోవాల్సినదాన్ని. ఎదురుగా ఒకావిడ బిందె చంకన పెట్టుకుని లోపలికి పోతోంది. ఆమెను ఆపి, ఆ నీళ్లు తాగవద్దన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. ఒకరికి చెప్పాక వీధికి చెప్పకుండా ఉండే దారి లేదు. తెగింపు అనుకోవద్దు, అలా జరిగిపోయింది.

మైకు ఆటో గంగ జాతర పని మీద ఊరి అవతల ఉంది. డైరీలో కాగితం చించి ప్రకటన రాశాను. "కలుషిత జలాల వినియోగం శ్రేయస్కరం కాదు" అని రాసుకున్నట్టు గుర్తు. చెంగల్రాయుడికి చదివి వినిపించాను.

"ఏ నీళ్లు మేడమ్? మొన్న పట్టి పెట్టుకున్నవీ పారబోయాల్నా?" అన్నాడు. నేను దిద్దాను. "స్నానానికి?" అన్నాడు. మళ్లీ దిద్దాను. "మరి తాగేదానికి యాడికి పోవల్ల?" అన్నాడు. అది నాకు తట్టనే లేదు. ట్యాంకరు డ్రైవరుకు ఫోను చేసి ఎనిమిది గంటలకు రమ్మని, అది కూడా రాశాను.

కాగితం పట్టుకుని ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్లాం. మొన్న నేను కసురుకున్నంత పని చేసిన మనిషి ముందు నిలబడి, జరిగిందంతా చెప్పి, ప్రార్థన మందిరం మైకు ఇప్పించగలదా అని అడిగాను. ఆమె పాస్టరుగారింటికి పోయి తాళం తెచ్చింది. మైకు ముందు నేను నిలబడబోతే, "నువ్వు ఊరికి కొత్తమ్మా, నీ గొంతు ఎవురికీ తెల్దు. నేను సెప్తా, నువ్వు పక్కన నిలబడు" అంది.

"యమ్మా, అందురూ వినండి. ఇడ్లీ అంగడి ఎస్తేరమ్మని మాట్లాడతా ఉండా. ఈ పొద్దు తెల్లారి కొళాయిలో వచ్చిన నీళ్లు తాగబాకండి, వంటకు వాడబాకండి. కాలవ నీళ్లు కలిసినాయంట. పట్టింది పారబోయండి. మొన్నటి నీళ్లుంటే అవి మంచివే. తాగేదానికి ఎనిమిది గంటలకు మందిరం ముందరికి ట్యాంకరొస్తాది. ఇప్పటికే తాగినోళ్లు ఎవురన్నా ఉంటే, వాంతులో బేదులో అయితే, ఆలీసం సెయ్యకుండా ఆస్పత్రికి పోండి. నీళ్ల ఇంజనీరమ్మ ఈడనే ఉండాది, అడగాల్సింది ఆయమ్మనే అడగండి."

మూడుసార్లు చెప్పింది. తర్వాత బయటికి వచ్చి, ఆ తెల్లవారి నీళ్లతో కలిపిన పిండి గుండిగను అంగడి ముందుకు లాక్కొచ్చి, అందరూ చూస్తుండగా కాలువలో వంచేసింది. నమ్మాలా వద్దా అని గుమ్మాల్లో నిలబడి చూస్తున్నవాళ్లు అది చూసి లోపలికి పోయి బిందెలు తెచ్చి వంపడం మొదలుపెట్టారు.

చెంగల్రాయుడూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. మైకు వినపడని ఇళ్లు ఉంటాయి, చెవులు వినపడని ముసలివాళ్లు ఉంటారు. చివరి సందులో ఒక ఇంట్లో ఏడు నెలల బిడ్డకు ఆ నీళ్లతోనే పాలపొడి కలిపి తాగించేశారు. కాచిన నీళ్లేనా అని అడిగాను. గోరువెచ్చగా చేశామంది తల్లి. ఆమె పేరు మునెమ్మ. పంతొమ్మిదేళ్లు కూడా ఉండవు.

"నేను సూసుకోకపోతినే, నా బిడ్డకేమన్నా అయితాదామ్మా?" అని నా చెయ్యి పట్టుకుంది.

ఏమీ కాదని చెబుదామంటే, ఆ సంగతి నాకే తెలియదు. తప్పు ఆమెది కాదని, మాదని చెప్పాను. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపోయి, కాలువ నీళ్లు కలిసిన సంగతి డాక్టరుకు చెప్పమన్నాను. చీటీ మీద నా పేరు, ఫోను నంబరు, పైపులో ఏం కలిసిందో రాసిచ్చాను. చెంగల్రాయుడు తన మోపెడ్ మీద తల్లీబిడ్డలను దిగబెట్టి వచ్చాడు.

బిడ్డకు ఆ మధ్యాహ్నమే బేదులు పట్టుకున్నాయి. అప్పటికే డాక్టరు కళ్లెదుట ఉండడంతో వెంటనే సెలైను ఎక్కించారు. మూడో రోజుకు తేరుకుని ఇంటికి వచ్చింది. వీధిలో ఇంకో నలుగురు పెద్దవాళ్లకు జబ్బు చేసింది, నలుగురూ కోలుకున్నారు. ఆ పూట మేం అతుకు సరిచేసి, పైపును ఎక్కువ మోతాదు క్లోరిన్ నీళ్లతో రెండుసార్లు కడిగి, ప్రతి నాలుగిళ్లకూ రంగు చూశాకే మళ్లీ నీళ్లు వదిలాం. వదిలే ముందు, ఎప్పుడు వదులుతున్నామో ఎస్తేరమ్మే మళ్లీ మైకులో చెప్పింది.

కమిషనర్ సాయంత్రానికి వచ్చారు. నా వయసులో సగముంటుంది ఆయనకు. నన్ను పిలిపించి, ఇంజనీరుగారు ఆగమన్న మాట నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను. అయినా ప్రకటించారా అన్నారు. అవునన్నాను. మర్నాడు నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా బహిరంగ ప్రకటన చేసినందుకు మూడు రోజుల్లో వివరణ ఇవ్వమని. ఒకటిన్నర పేజీ రాసి ఇచ్చాను. అప్పటికి ఆఫీసులో పెట్టిన సీసాలు నల్లబడ్డాయి. మరో రోజుకు ల్యాబు కూడా అదే చెప్పింది.

ఆయన మళ్లీ పిలిచారు. మెమో వెనక్కి తీసుకోనని, నేను నియమం తప్పిన మాట నిజమని అన్నారు. ఆ తర్వాత ఒక కొత్త ఉత్తర్వు నా ముందు పెట్టారు. నీటి నాణ్యతపై అనుమానం వచ్చిన చోట ఏఈ వెంటనే ప్రజలకు తెలియజేయవచ్చు, గంటలోగా కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపాలి అని ఉంది. "నియమాన్ని మార్చాను. ఇక ముందు మీలా తప్పాల్సిన పని ఎవరికీ ఉండదు" అన్నారు. మునిసిపల్ ఇంజనీరు కూడా ఆ ఉత్తర్వు మీద అభ్యంతరం రాయలేదు. నెల తర్వాత మరో వీధిలో ఇలాంటి అనుమానమే వస్తే, మొదట మైకు పంపించింది ఆయనే.

ఆ మెమో నా సర్వీసు రిజిస్టరులో ఉంది. పింఛను కాగితాలప్పుడు గుమాస్తా చూసి ఇదేమిటని అడిగాడు కూడా. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఆ వారంలో నాకు దొరికిన మనుషులు ఉద్యోగంలో అందరికీ దొరకరు. అంకె వేసి ఇంటికి పోని ఫిట్టరు, తన మీద చిరాకుపడిన అధికారికి గొంతు అరువిచ్చిన అంగడి మనిషి, శిక్ష వేసిన చేత్తోనే దారి వేసిన కమిషనర్. వాళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా ఈ సంగతి ఇంకోలా ముగిసేది. ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ వారం నేర్చుకున్నది పదవీ విరమణ దాకా పాటించాను. నీళ్ల విషయంలో ప్రమాదం తెలిసిన క్షణం నుంచి ఆ మాట తాగేవాళ్లది. దాన్ని మన దగ్గర పెట్టుకునే హక్కు మనకు లేదు. ఇక, ఏ ప్రకటనైనా పైకి పంపే ముందు వీధిలో వాల్వు తిప్పే మనిషిని కూర్చోబెట్టి చదివి వినిపించేదాన్ని. అతను ప్రశ్న అడిగితే దిద్దేదాన్ని. అడగడానికి ఇంకేమీ మిగలనప్పుడే సంతకం పెట్టేదాన్ని.